సంఘంలో ఏళ్ల తరబడి సేవ చేస్తున్న అక్కను ఎలా సన్మానించాలి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒడిశాలోని గుణుపురం దగ్గర మీ తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక అక్క 18 ఏళ్లుగా రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్తోంది. ఒడియా రాని తెలుగువాళ్లకు, ఆ రెండు భాషలూ సరిగా రాని సవర గిరిజనులకు డాక్టరు దగ్గర మాటసాయం చేస్తోంది. జీతం లేదు. వచ్చే వార్షికోత్సవంలో ఆమెకు సన్మానం చేద్దామని స్త్రీల సమాజం 15,000 రూపాయలు పోగుచేసింది. ఏం కొనాలి, ఎలా జరపాలి అని అడిగారు. కొందరు పెద్దలు మాత్రం "కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే చెప్పాడు కదా, ఈ సన్మానాలు మనకెందుకు" అంటున్నారని కూడా రాశారు.

సన్మానం తప్పకుండా చెయ్యండి. కానీ వేదిక మీద 3,000 దాటనివ్వకండి. మిగిలిన 12,000 ఆమె చేస్తున్న పనికి పెట్టండి. ముందు ఆమె ఏం చేస్తోందో పూర్తిగా తెలుసుకోవాలి, తర్వాత అందులో కొంత బరువు సంఘం ఎత్తుకోవాలి, శాలువా అన్నిటికన్నా చివర. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను.

పర్లాకిమిడిలో మా సంఘానికి 21 ఏళ్లు కార్యదర్శిగా ఉన్నాను. బడి పంతులు ఉద్యోగం చేసుకుంటూనే ఈ పని చూసేవాణ్ణి. ఆ రోజుల్లో మా సంఘంలో ఒక విధవరాలు ఉండేది. ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆసుపత్రిలో రోగుల పక్కన ఉండేవాళ్లకు ఇంటి నుంచి గంజి, పప్పన్నం వండి పట్టుకెళ్లేది. పెద్ద ఆసుపత్రికి రాసిచ్చినవాళ్లను బరంపురమో విశాఖో తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లేది. ఒక కోతపండుగ రోజున ఆమెను ముందుకు పిలిచి శాలువా కప్పాం, దండ వేశాం, మూరెడు ఎత్తున్న జ్ఞాపిక చేతికిచ్చాం. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. అందరం చప్పట్లు కొట్టాం. నాకైతే గుండె నిండిపోయింది, చాలా మంచి పని చేశామనుకున్నాను.

నాలుగు నెలలకు ఆమెకు జ్వరమొస్తే చూడ్డానికి వెళ్లాను. జ్ఞాపిక ట్రంకుపెట్టె మీద ఉంది. చెవులకు ఉండాల్సిన కమ్మలు లేవు. అడిగితే చెప్పలేదు. పక్కింటావిడ చెప్పింది. రోగుల బస్సు ఛార్జీల కోసం కమ్మలు తాకట్టు పెట్టి ఏడాదిన్నర అయిందట. అంటే మేము శాలువా కప్పిన రోజుకే అవి తాకట్టులో ఉన్నాయి. ఆ రోజు ఆమె చెవుల పక్కగానే దండ వేసిన చేతులు నావి. నాకు కనబడలేదు. జ్ఞాపిక ఖరీదుతో ఆ కమ్మలు విడిపించవచ్చని తర్వాత లెక్క వేసుకుని నేను పడిన బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే మీకు మొదటి పని ఇది చెప్తున్నాను. ఆమెకు దగ్గరగా మసిలే ఒకర్ని, వీలైతే ఆడమనిషిని, రెండు మూడు రోజులు ఆమె వెంట పంపండి. పరీక్షించడానికి వచ్చినట్టు కాదు, సంచి మోసేందుకు వచ్చినట్టు వెళ్లాలి. పొద్దున ఎన్నింటికి బయల్దేరుతుంది, రైలా బస్సా ఆటోనా, టికెట్టు ఎవరు కొంటారు, మధ్యాహ్నం తింటుందా లేదా, ఇంటి దగ్గర వంట ఎవరు చూస్తారు, తన ఒంట్లో ఎలా ఉంది, ఇవన్నీ చూడాలి. నోటితో అడిగితే "ప్రభువు నడిపిస్తున్నాడు తమ్ముడూ" అంటుంది. ఆ మాట నిజమే. కానీ ఆ మాట వెనక అప్పు ఉందా, మోకాలి నొప్పి ఉందా, ఇంట్లో మొగుడి సణుగుడు ఉందా అన్నది వెంట నడిస్తేనే తెలుస్తుంది.

రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయం మొదటి రెండు వచనాలు మీ పెద్దల కమిటీలో ఒకసారి చదివించండి. కెంక్రేయ సంఘంలో పరిచారకురాలైన ఫీబేను పౌలు రోమా సంఘానికి సిఫారసు చేస్తాడు. ఆమె చాలామందికి, తనకూ సాయపడిందని రాస్తాడు. అంతటితో వదలడు. ఆమెకు ఏం అవసరమైతే అందులో సాయం చెయ్యమంటాడు. పొగడ్త, సాయం ఒకే వాక్యంలో ఉన్నాయి. మన సంఘాల్లో మొదటిది చేసి రెండోది మర్చిపోతాం.

ఎడమచెయ్యి సంగతి. అడ్డుచెప్తున్న పెద్దల్ని తీసిపారెయ్యకండి, వాళ్ల భయంలో న్యాయం ఉంది. సన్మానాల పోటీ మొదలై చీలిపోయిన సంఘాలు నాకు తెలుసు. కానీ మత్తయి 6లో ఆ మాట ధర్మం చేసేవాడికి చెప్పింది, తన గురించి తాను బూర ఊదుకోవద్దని. పక్కవాడు చేసిన మేలు చూడకుండా కళ్లు మూసుకోమని సంఘానికి చెప్పింది కాదు. ఎవరికి సన్మానం చెల్లించాలో వారికి చెల్లించమని రోమా 13:7లో అదే పౌలు రాశాడు. దాన్ని బాకీ అన్నట్టే రాశాడు. ఆ అక్క తన గురించి తాను చెప్పుకోలేదు, 18 ఏళ్లుగా ఎడమచేతికి తెలియనివ్వలేదు. ఇప్పుడు బాకీ మీ వైపు ఉంది.

అయినా ఆమెను అడగకుండా ఏమీ చెయ్యకండి. ఆశ్చర్యపరుద్దామని కొందరికి సరదా ఉంటుంది. ఆ సరదా మనదే, ఆమెది కాదు. నలుగురిలో నిలబడటం కొందరికి నిజంగా నరకం. ఆమె ఒద్దంటే వేదిక మానేసి ఆమె ఇంట్లో ఒక సాయంత్రం కృతజ్ఞతా కూడిక పెట్టుకోండి, అయ్యగారు, స్త్రీల సమాజం, ఆమె సాయం పొందిన నాలుగు కుటుంబాలు చాలు. ఆమె ఇంటివాళ్లనూ అడగాలి. 18 ఏళ్లు ఆమె బయట తిరిగిందంటే ఇంట్లో ఎవరో వంట చేశారు, ఎవరో పిల్లల్ని చూశారు. ఆ మనిషి పేరు కూడా పిలిస్తే ఆ ఇంట్లో రాత్రికి జరిగే మాటలే వేరుగా ఉంటాయి.

ఇక 12,000 సంగతి. మీ అక్క పని రోగులతో కాబట్టి నేనైతే ఇలా పెడతాను.

మొదట ప్రయాణ నిధి. 8,000తో మొదలుపెట్టి, నెలనెలా ఆదివారం కానుకలోంచి కొంత కలపమని కమిటీలో తీర్మానం రాయించండి. డబ్బు ఆమె చేతిలో పెట్టకండి, సంఘం పుస్తకంలోనే ఉండనివ్వండి. నమ్మకం లేక కాదు. డబ్బు ఆమె దగ్గరుంటే రేపు ఎవడో ఒకడు లెక్క అడుగుతాడు, ఆ మాట ఆమెను లోపల కోసేస్తుంది. ట్రెజరరు దగ్గరుంటే టికెట్టు తెచ్చిచ్చి డబ్బు తీసుకుంటుంది, పేచీ ఉండదు. అయితే ఒక షరతు. రాత్రిపూట కాన్పుకేసు వస్తే ట్రెజరరును నిద్రలేపేదాకా ఆగక్కర్లేకుండా 1,000 రూపాయలు ఎప్పుడూ ఆమె సంచిలో ఉండాలి, ఖర్చయినప్పుడల్లా నింపాలి.

రెండోది ఆమె సొంత కాగితాలు. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కాదు. మా పెద్దమ్మ ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పెన్షన్ దరఖాస్తుల కోసం ఎంతోమంది ముసలివాళ్లను బ్లాకాఫీసుకు తీసుకెళ్లింది. ఆమెకే పెన్షన్ లేదు. తన కాగితం పెట్టుకోవడానికి తీరికే చిక్కలేదట. మీ అక్కకు ఏమేం రావాలో ఒకరు కూర్చుని చూడండి. వయసు 21కీ 60కీ మధ్య ఉండి, అర్హత ఉంటే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు పెట్టిన సుభద్ర పథకంలో ఏడాదికి 10,000 రెండు విడతలుగా వస్తుంది, ఆమె పేరు ఉందో లేదో కనుక్కోండి. రోజూ రోడ్డు మీద తిరిగే మనిషి కాబట్టి బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా రాయించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లు చేరవచ్చు. ఖాతాలో ప్రతి ఏడాదీ 20 రూపాయలు ఉండేలా చూడ్డం సంఘం పని. మిగతా డబ్బులోంచి ఆమెకు ఒకసారి పూర్తిగా వైద్యపరీక్షలు చేయించండి. అందర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే మనిషి తన షుగరు ఎంతో చూసుకుని ఉండదు. ఇది నేను పందెం వేసి చెప్పగలను.

మూడోదానికి డబ్బు అక్కర్లేదు, అన్నిటికన్నా కష్టం. రెండో మనిషి కావాలి. సన్మానం రోజునే యౌవనస్థుల్లోంచి ఒకరో ఇద్దరో "వారానికి ఒకరోజు అక్కతో వెళ్తాం" అని నిలబడాలి. ముందే మాట్లాడి పెట్టుకోండి, అప్పటికప్పుడు అడిగితే చేతులు లేస్తాయి గానీ సోమవారానికి మనుషులు రారు. సవర భాష వచ్చిన పిల్లో పిల్లాడో అయితే మరీ మంచిది. కడుపునొప్పి ఎక్కడో, ఎప్పట్నుంచో ముసలాయన సవరలో చెప్తే అది డాక్టరుకు సరిగ్గా చేరడం ఎంత పెద్ద సంగతో మీ అక్కకు తెలుసు. ఆ పని నేర్పడానికి ఏళ్లు పడుతుంది.

క్షయ రోగుల్ని కూడా ఆమె చూస్తోందని రాశారు కాబట్టి ఇంకొక మాట. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మామూలు కేసుకు ఆరు నెలలు వాడాలి. పోషకాహారానికి నెలకు 500 ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఖాతా, ఆధారు కుదరక అది ఆలస్యమైతే ఈలోపు గుడ్లు, పప్పు తన డబ్బుతో కొనిపెట్టేది ఇలాంటి అక్కలే. దీనికి దారి ఉంది. 2022 సెప్టెంబరు నుంచి నిక్షయ్ మిత్ర అని నడుస్తోంది. మనుషులే కాదు, సంఘాలూ సంస్థలూ కూడా పేరు నమోదు చేసుకుని, ఒప్పుకున్న రోగులకు కనీసం ఆరు నెలలు ఆహారపు మూట ఇవ్వవచ్చు. జిల్లా క్షయ నివారణ ఆఫీసులో అడిగితే చెప్తారు. "అక్క పేరున మా సంఘం ఇద్దరు రోగుల్ని చూసుకుంటుంది" అని ఆ రోజు ప్రకటిస్తే ఆమె ముఖం చూడండి. శాలువాకు రాని వెలుగు దానికి వస్తుంది.

రోగుల గురించి వేదిక మీద ప్రకటించే మాట వచ్చింది కాబట్టి మేము చేసిన ఇంకో తప్పు చెప్పాలి. ఒకసారి మా దగ్గర రక్తదాతల్ని పోగుచేసే కుర్రాడికి సన్మానం పెట్టాం. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు కదా, ఎవరు ఎప్పుడిచ్చారో, మళ్లీ ఎప్పుడివ్వవచ్చో అతని దగ్గర ఒక నోటుబుక్కులో ఉండేది. అర్ధరాత్రి ఫోను చేసినా మనిషిని పట్టుకొచ్చేవాడు. ఆ సభలో మాట్లాడిన ఒకాయన ఉత్సాహంలో ఫలానా వాళ్ల అమ్మాయికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బనీ, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో అదీ పేరుతో సహా చెప్పేశాడు. ఆ పిల్ల తల్లి అక్కడే ఉంది. పెళ్లీడు పిల్ల. ఆ తల్లి లేచి వెళ్లిపోయింది, చాలా నెలలు గుడికి రాలేదు. కుర్రాడు ఆ రోజు కప్పిన శాలువా మా ఇంటి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

కాబట్టి రోగి పేరు, జబ్బు పేరు, ఫొటో వేదిక మీదకు రాకూడదు, వాట్సాప్‌లోకి అసలే రాకూడదు. సాక్ష్యం చెప్పేవాళ్లు తమ గురించి తామే, ఇష్టపడితేనే చెప్పాలి. మన ఒడిశాలో 1967 నుంచి, బలవంతపు మతమార్పిడిని నిషేధించే మతస్వేచ్ఛ చట్టం ఉందన్నది కూడా గుర్తుంచుకోండి. ఆమె ఏ మతంవాళ్లను, ఏ కులంవాళ్లను అని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లింది. ప్రశంసాపత్రంలో అదే ఉన్నదున్నట్టు రాయండి. సేవను ఆత్మల లెక్కతో, అంటే ఎంతమంది మతం మారారన్న లెక్కతో, కలిపి రాయడం సంఘాల్లో కొందరికి అలవాటు. అది ఆమె చేసిన పని కాదు, అలా రాస్తే రేపు ఆసుపత్రి గేటు దగ్గర ఇబ్బంది పడేది కూడా ఆమే. వీలైతే సంఘం బయటివాళ్లను, ఆమె సాయపడిన సవర కుటుంబాన్నో, ఆమెతో కలిసి తిరిగే ఆరోగ్య కార్యకర్త ఆశాదీదీనో, పిలిచి మాట్లాడించండి. సంఘంవాళ్లు పొగడటం కంటే దానికి బరువు ఎక్కువ.

ఎప్పుడు చెయ్యాలన్నది మీరు అడగలేదు గానీ చెప్తాను. ఆలస్యం చెయ్యకండి. మా సంఘంలో ఒక వడ్రంగి ఉండేవాడు. ఎవరు పోయినా కూలి తీసుకోకుండా పెట్టె చేసేవాడు, చెక్క డబ్బులు కూడా ఇచ్చినవాళ్ల దగ్గరే. గొయ్యి తవ్వడానికీ తనే ముందు పలుగు పట్టేవాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఊళ్లూ కొండదారులూ చెట్లతో మూసుకుపోయినప్పుడు రంపం పట్టుకుని నాలుగు రోజులు రోడ్డు మీదే ఉన్నాడు. అతణ్ణి పిలిచి ఒక మాట చెప్పాలని కమిటీలో మూడుసార్లు అనుకున్నాం. ఒకసారి పాస్టరు మార్పు, ఒకసారి గుడి స్లాబు పని, ఒకసారి కొవిడు. అతను పోయిన రోజున పెట్టె ఎవరు చెయ్యాలో మాకు తెలియలేదు. పాతపట్నం వెళ్లి కొనుక్కొచ్చాం. గొయ్యి చాలినంత లోతు రాక ముగ్గురు మళ్లీ దిగాల్సి వచ్చింది. ఆ రోజు అందరూ అతని గురించి ఎంత బాగా మాట్లాడారో. యొప్పేలో దొర్కా చనిపోయాక విధవరాళ్లందరూ ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపిస్తూ ఏడ్చారని అపొస్తలుల కార్యాలు 9లో ఉంది. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు ఆ పాతపట్నం పెట్టే గుర్తొస్తుంది. దొర్కాను ప్రభువు తిరిగి లేపాడు. మా వడ్రంగికి మేము చెప్పాల్సిన మాట మా దగ్గరే ఉండిపోయింది.

కార్యక్రమం గురించి కొద్దిగా. వార్షికోత్సవంలో పెడితే అతిథుల ప్రసంగాల మధ్య ఆమెకు ఐదు నిమిషాలు మిగుల్తాయి. మామూలు ఆదివారం ఆరాధనలో పెట్టండి. ముఖ్య అతిథిగా నాయకుల్ని పిలవకండి, పిలిస్తే సన్మానం వాళ్లదైపోతుంది. మూడు సాక్ష్యాలు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. "ఎంతో సేవ చేశారు" లాంటి మాటలు వద్దు, "ఫలానా వానరాత్రి మా అమ్మను రైలెక్కించి, తను ప్లాట్‌ఫాం మీద పడుకుంది" లాంటివి కావాలి. తర్వాత ప్రార్థన. ఆమెను ప్రసంగించమని బలవంతం చెయ్యకండి. శాలువా బదులు చీర పెట్టండి, బరంపురం పట్టు మీ 3,000లో రాకపోతే మంచి నేతచీర చాలు, రంగు ఆమె కూతుర్నడిగి కొనండి. అందరూ కలిసి భోజనం చేసేటప్పుడు ఆమెను వడ్డించనివ్వకండి. తప్పకుండా గరిటె పట్టుకుంటుంది, పక్కన ఒకర్ని పెట్టి కూర్చోబెట్టండి.

ప్రశంసాపత్రానికి అద్దాల ఫ్రేము కట్టించాలా అని అడిగారు. తెలుగులో ఒకటి కట్టించండి, ఇంట్లో పెట్టుకుంటుంది. దాంతోపాటు ఒడియాలో ఇంకో ఉత్తరం రాయించండి, ఫ్రేము వద్దు, ప్లాస్టిక్ కవరులో పెట్టేలా ఒక పేజీ. ఫలానా ఆమె మా సంఘం తరఫున రోగులకు తోడుగా వస్తారు, డబ్బు తీసుకోరు, భాష రానివాళ్లకు మాటసాయం చేస్తారు, ఏదైనా అడగాలంటే ఈ నంబరుకు ఫోను చెయ్యండి అని రాసి, అయ్యగారు, కార్యదర్శి సంతకాలు, సంఘం ముద్ర, ఆమె ఫొటో వేయండి. దాని చిన్న నకలు మెడలో వేసుకునే కార్డుగా చేయించండి. మా పెద్దమ్మను ఒక ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాళ్లు దళారీ అనుకుని రెండుసార్లు బయటే నిలబెట్టారు, లోపల రోగి ఒక్కతే ఉంది. కమ్మల సంగతి తెలిశాక మేము ఆమెకు చేసిన మొదటి పని ఈ ఉత్తరమే. ఆమె చనిపోయేదాకా అది ఆమె సంచిలో బైబిలు మధ్యలో ఉంది, మడతల దగ్గర చిరిగితే రెండుసార్లు కొత్తది రాసిచ్చాను. మీకు ఒడియా నమూనా కావాలంటే చెప్పండి, నా దగ్గర ఉన్నది టైపు చేసి పెడతాను.